పాపని టౌన్ బడికి మార్చే ముందు

ప్రశ్న ఇది: "మాస్టారూ, మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. మిరప, పత్తి కౌలుకి చేస్తాను. మా పాపకి ఊళ్ళో ప్రభుత్వ బడిలో రెండో తరగతి అయిపోయింది, జూన్‌లో మూడుకి వెళ్తుంది. బడిలో మొత్తం 26 మంది, ఇద్దరు టీచర్లు. మా వీధిలో పిల్లలంతా టౌన్‌లో ఇంగ్లిష్ మీడియం బడికి వ్యాన్‌లో వెళ్తున్నారు. ఫీజు 28 వేలు, వ్యాన్‌కి 9 వేలు అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మార్చమంటారా? మారిస్తే తల్లికి వందనం ఆగిపోతుందా? బాబుకి అయిదేళ్ళు వచ్చాయి. ప్రైవేటు బళ్ళో ఫ్రీ సీటు ఇస్తారంటున్నారు, నిజమేనా?"

నేను 33 ఏళ్ళు ప్రభుత్వ బళ్ళలో పనిచేసి హెడ్మాస్టరుగా రిటైర్ అయ్యాను. ఈ ప్రశ్న నన్ను బడి గేటు దగ్గర, టీకొట్టు దగ్గర, పెళ్ళి భోజనాల దగ్గర ఎంతమంది అడిగారో లెక్కలేదు. అడిగిన ప్రతి తండ్రి గొంతులోనూ ఒకటే టెన్షన్ వినపడేది: "నా వల్ల పిల్ల వెనకబడిపోతుందేమో" అని. కాబట్టి మీకు పైపైన సమాధానం చెప్పను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు చిన్న సందేహం తీర్చేస్తాను. బడి మార్చినంత మాత్రాన తల్లికి వందనం ఆగదు. 2025 జూన్‌లో ఇచ్చినప్పుడు ఒక్కో బిడ్డకి 15 వేలు లెక్కగట్టి, 13 వేలు తల్లి ఖాతాలో వేశారు, 2 వేలు బడి నిర్వహణకి పట్టుకున్నారు. ప్రభుత్వ బడి పిల్లలకీ, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి పిల్లలకీ ఇదే లెక్క. 75 శాతం హాజరు ఉండాలి. అంతకుముందు 2020లో మొదలైన అమ్మ ఒడి కూడా ఇలాగే రెండు రకాల బళ్ళకీ ఇచ్చారు. అంచేత ఆ డబ్బు భయంతో పాపని ఊళ్ళో ఉంచక్కర్లేదు. ప్రైవేటులో వేస్తేనే ఆ డబ్బు పనికొస్తుందనీ అనుకోవద్దు. ఏ బడిలో ఉన్నా అది వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. బడి గురించి ఆలోచించే ముందు, ఈ రాత్రి అన్నం తిన్నాక పాపని పక్కన కూర్చోబెట్టుకోండి. రెండో తరగతి తెలుగు పుస్తకంలో తను ఇదివరకు కంఠస్థం చెయ్యని ఒక చిన్న కథ తీసి, వేలు పెట్టకుండా చదవమనండి. ఎనిమిది పది వాక్యాలుంటే చాలు. తప్పుల్లేకుండా చదవాలని కాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోందా, వాక్యాన్ని వాక్యంలా చదువుతోందా అని చూడండి. అది రాకపోతే నాలుగు వాక్యాల పేరా ఇవ్వండి. అదీ రాకపోతే విడి పదాలు ఇవ్వండి, తర్వాత అక్షరాలు. ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకోండి. తర్వాత 52 లోంచి 27 తియ్యమనండి. అప్పు తెచ్చుకుని తీసివేస్తోందా, లేక పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసి 35 అని రాస్తోందా చూడండి. పావుగంట పని. దీనికి మీరు పెద్ద చదువులు చదివి ఉండక్కర్లేదు.

ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు చూసే అసర్ సర్వేలో వాడేది ఇంచుమించు ఇదే పరీక్ష. 2024 సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బళ్ళలో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతమే. నలుగురిలో ఒక్కరు కూడా కాదు. ప్రభుత్వ టీచరుగా బతికినవాణ్ణి, ఈ అంకె చూస్తే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. అయితే అదే సర్వేలో ప్రైవేటు బళ్ళ మూడో తరగతి పిల్లల్లో కూడా సగానికి పైగా ఆ పాఠం చదవలేకపోయారు. ఫీజు కట్టిన తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఎందుకంటే వాళ్ళకి చేతికొచ్చేది ప్రోగ్రెస్ కార్డు, అందులో ఏ ప్లస్ ఉంటుంది. వ్యాన్ దిగి రైమ్స్ చెప్పే పిల్లకి తెలుగు పేరా ఇచ్చి చూసే అలవాటు మన ఇళ్ళలో లేదు.

ఈ పరీక్షతో ఎందుకు మొదలుపెట్టానంటే, పాపకి చదవడం వచ్చేసి ఉంటే మీకు తొందరేమీ లేదు, నిదానంగా ఆలోచించుకోవచ్చు. రాకపోతే మాత్రం, బడి మార్చినా ఆ లోటు పాపతోబాటే టౌన్‌కి వెళ్తుంది. అక్కడ నలభైమంది మధ్య, కొత్త భాషలో, ఆ టీచరమ్మ మళ్ళీ అక్షరాల నుంచి మొదలుపెట్టదు. మూడో తరగతి సిలబస్ మూడో తరగతి వేగంతోనే పోతుంది. పిల్ల నోట్సు చూసి రాయడం నేర్చుకుంటుంది. నోట్‌బుక్ ముత్యాల్లా ఉంటుంది, ఒక్క ముక్క సొంతంగా చదవలేదు. ఇలా అయిదో తరగతిలో ప్రైవేటు నుంచి తిరిగొచ్చిన పిల్లల్ని ప్రతి ఏడూ ఒకరిద్దర్ని చేర్చుకున్నాను నేను.

"మరి ప్రైవేటులో చదువు బాగుంటుందంటారు కదా" అంటే, దీని మీద మన రాష్ట్రంలోనే ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలై నాలుగేళ్ళు నడిచింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. 180 గ్రామాలు తీసుకుని, లాటరీ వేసి, సగం ఊళ్ళలో ప్రభుత్వ బడి పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు వాళ్ళే కట్టే ఏర్పాటు చేశారు. ఆ ఊళ్ళలో కూడా ఎవరికి ఇవ్వాలో మళ్ళీ లాటరీయే. లాటరీ ఎందుకంటే, మామూలుగా ప్రైవేటుకి వెళ్ళే పిల్లల ఇళ్ళలో కాస్త డబ్బూ, చదువుకున్న అమ్మానాన్నా ఉంటారు. వాళ్ళకి మార్కులొస్తే అది బడి గొప్పా, ఇంటి గొప్పా తేల్చలేం. లాటరీ వేస్తే ఆ తేడా ఉండదు.

రెండేళ్ళ తర్వాత ఒకసారి, నాలుగేళ్ళ తర్వాత ఒకసారి పరీక్ష పెట్టారు. తెలుగులో, లెక్కల్లో ప్రైవేటుకి వెళ్ళిన పిల్లలకీ, ప్రభుత్వ బడిలో ఉన్న పిల్లలకీ తేడా రాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. అప్పట్లో ప్రభుత్వ బడిలో చిన్న తరగతులకి హిందీ చెప్పేవాళ్ళు కాదు మరి. ఇంతవరకు విని నా తోటి టీచర్లు చాలామంది సంబరపడ్డారు. నేను పడలేదు. ఎందుకంటే ఆ అధ్యయనంలోనే ఇంకో రెండు విషయాలున్నాయి. ప్రైవేటు బళ్ళు తెలుగుకీ లెక్కలకీ మనకంటే తక్కువ టైము ఇచ్చి, ఆ మిగిలిన టైములో ఇంకో సబ్జెక్టు చెప్పి, అవే మార్కులు తెచ్చాయి. పైగా ఒక్కో బిడ్డ మీద వాళ్ళకి అయిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అక్కడి టీచర్లకి మా జీతంలో చిన్న భాగమే వచ్చేది. వాళ్ళు రోజూ బడికి వచ్చారు, టైముకి వచ్చారు, పాఠం చెప్పారు. మాలో అందరం అలా చేశామని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

అధ్యయనం అయిపోయి పదేళ్ళు దాటింది. ఈ మధ్యలో చాలా మారింది. 2019 నవంబరులో మొదలైన, ప్రభుత్వ బళ్ళని బాగుచేసే నాడు-నేడు పథకం వల్ల బళ్ళకి మరుగుదొడ్లు, నీళ్ళు, బల్లలు వచ్చాయి. పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు వచ్చేలా అచ్చేస్తున్నారు. మధ్యాహ్నం వారానికి అయిదు గుడ్లు పెడుతున్నారు. చదువు మాత్రం ఇప్పటికీ ఆ గదిలో నిలబడ్డ టీచరు మీదే ఆధారపడి ఉంది. అది ఊళ్ళో అయినా అంతే, టౌన్‌లో అయినా అంతే.

అంచేత మీరు పోల్చాల్సింది ప్రభుత్వాన్నీ ప్రైవేటునీ కాదు. మీ పాపకి జూన్‌లో మూడో తరగతి చెప్పబోయే ఇద్దరు మనుషుల్ని. ఊళ్ళో బడికి ఒకరోజు చెప్పకుండా పదిన్నరకి వెళ్ళి చూడండి. ఇద్దరూ ఉన్నారా? 26 మందిని, అయిదు తరగతుల్ని ఎలా కూర్చోబెట్టారు? పాప నోట్‌బుక్‌లో తప్పులు దిద్ది ఉన్నాయా, ఊరికే టిక్కు పెట్టి ఉందా? తర్వాత టౌన్ బడికి వెళ్ళండి. ఆఫీసు రూములో కూర్చోబెట్టి ఫోటోలు చూపిస్తారు, వాటితో సరిపెట్టుకోవద్దు. "మూడో తరగతి టీచరుతో ఒక అయిదు నిమిషాలు మాట్లాడాలి" అనండి. ఆవిడ ఏం చదివారు, ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నారు అడగండి. చాలా చిన్న ప్రైవేటు బళ్ళలో టీచర్లు ఏడాదికి ఒకరు మారుతుంటారు, జీతాలు అలా ఉంటాయి. తరగతిలో ఎంతమంది ఉన్నారో కళ్ళతో లెక్కపెట్టండి. మీ వీధిలో అక్కడ చదివే మూడో తరగతి పిల్లని పిలిచి, మీ పాపకి ఇచ్చిన కథే ఇచ్చి చూడండి. దీన్ని మించిన ఎంక్వయిరీ లేదు.

ప్రైవేటు బడిలో ఇంకో మంచి ఉంది, అది కూడా చెప్పాలి. అక్కడ అడిగితే జవాబు చెప్పేవాడు ఒకడుంటాడు. పిల్ల రెండు రోజులు రాకపోతే ఫోను వస్తుంది. ఊళ్ళో బడికి వెళ్ళి కౌలు రైతు "మా పిల్లకి చదవడం ఎందుకు రాలేదు" అని అడిగితే, కొన్ని చోట్ల "ఇంటి దగ్గర చదివించండి" అని పంపేస్తారు. ఇంకొన్ని చోట్ల ఆ మాట కూడా అనరు. చాలామంది తల్లిదండ్రులు ఇంగ్లిష్ కోసం వెళ్తున్నారని పైకి అంటారు. నాకు అర్థమైనంతలో వాళ్ళు ఆ జవాబు కోసం వెళ్తున్నారు. అడిగే హక్కు డబ్బు కట్టినప్పుడే వస్తుందని మన జనానికి అనిపించిందంటే, ఆ తప్పు మా టీచర్లదీ, మా పైవాళ్ళదీ.

నా సంగతి కూడా మీకు తెలియాలి. 1998లో మా పెద్దవాణ్ణి టౌన్‌లో ప్రైవేటు బడిలో వేశాను. అప్పుడు నేను పక్క ఊళ్ళో ప్రభుత్వ బడిలో మూడో తరగతి చెప్తున్నాను. ఒకరోజు ఒక కూలీ తల్లి తన పిల్లాణ్ణి చేర్చడానికి వచ్చి, ఏమీ పెట్టుకోకుండా, మామూలుగా అడిగింది: "అయ్యగారూ, మీ బాబు కూడా ఇక్కడేనా?" నా నోట మాట రాలేదు. ఆవిడ పిల్లాడికి నేను చెప్పే చదువు మంచిదే అయితే, నా పిల్లాడికి ఎందుకు మంచిది కాలేదు? రెండేళ్ళు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మా అమ్మాయిని నా బడిలోనే, నా తరగతిలోనే చేర్చాను. ఆ ఏడాది నుంచి నేను పాఠం చెప్పే తీరు మారింది. అందరు పిల్లల నోట్సూ ఇంటికి తెచ్చి దిద్దడం అప్పుడే మొదలుపెట్టాను. అంతకుముందు నేను చెడ్డ టీచర్ని కాదు, కానీ నా బిడ్డ ఆ గదిలో లేదు.

2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్‌లో అధికారులు, ప్రజాప్రతినిధులు, ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళంతా పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక బళ్ళకే పంపాలని తీర్పు ఇచ్చింది. అది పేపర్లో చదివినప్పుడు నాకు ఆ కూలీ తల్లి గుర్తొచ్చింది. ఆ తీర్పు అమలు కాలేదు. పిల్లల్ని ఎక్కడ చదివించాలో కోర్టు శాసించడం సరేనా అని వాదించవచ్చు, కానీ ఆ జడ్జిగారు పట్టుకున్న నాడి సరైనదే.

ఎందుకంటే ఈ తప్పుకోవడం బడితో ఆగలేదు. మంచినీళ్ళ పంపు బాగాలేదని క్యాన్ నీళ్ళు కొనుక్కున్నాం. ఆ తర్వాత పంపు గురించి పంచాయతీని అడగడం మానేశాం. సర్కారు దవాఖానా వద్దని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కణ్ణించి టౌన్ నర్సింగ్ హోముకి వెళ్ళాం. మా ఊరికి పొద్దున ఎనిమిదింటికి ఒక బస్సు వచ్చేది. బడి పిల్లలంతా వ్యాన్లు ఎక్కాక అందులో ఎక్కేవాళ్ళు తగ్గి, చివరికి ఆ ట్రిప్పే తీసేశారు. వ్యాన్ కట్టలేని ముసలివాళ్ళు, కాలేజీకి వెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు మూడు కిలోమీటర్లు రోడ్డు దాకా నడిచారు. ఎవరి మట్టుకు వాళ్ళు చేసిన పని తప్పు కాదు. అందరూ కలిపి చేసినదాని బరువు మాత్రం వెళ్ళలేనివాళ్ళ మీద పడింది.

బడి విషయంలో ఇది ఇంకా నేరుగా జరుగుతుంది. పిల్లల సంఖ్యని బట్టే టీచర్లని ఇస్తారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లుండాలి. కానీ సంఖ్య మరీ పడిపోతే రేషనలైజేషన్‌లో, అంటే పిల్లల లెక్కని బట్టి టీచర్లని మళ్ళీ పంచేటప్పుడు, లేకపోతే పని సర్దుబాటు పేరుతో, ఒకర్ని వేరే బడికి పంపిస్తారు. ఒక్క టీచరున్న బడి అంటే ఆ టీచరు సెలవు పెట్టినా, మండలాఫీసులో మీటింగుకి వెళ్ళినా ఆరోజు చదువు ఉండదు. అది చూసి ఇంకో నలుగురు వెళ్ళిపోతారు. నేను పనిచేసిన ఒక బడి ఇలాగే 70 నుంచి 11కి వచ్చింది. నేను చెప్పిన అధ్యయనంలో మాత్రం కొంతమంది వెళ్ళిపోయినంత మాత్రాన మిగిలిన పిల్లల మార్కులు తగ్గలేదనే తేలింది, అది దాచను. అయితే అక్కడ లాటరీలో గెలిచినవాళ్ళే కదిలారు. వీధికి వీధి ఖాళీ అవడం నేను చూశాను, అది వేరు.

ఇదంతా చెప్పింది మిమ్మల్ని ఇరకాటంలో పెట్టడానికి కాదు. ఊరి బడిని నిలబెట్టే బాధ్యత ఒక కౌలు రైతు కూతురి మీద వేసే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. పాపకి ఏది మంచిదో అదే చూడండి.

పాప మంచి కోసమే మీకు తప్పకుండా తెలియాల్సింది ఒకటుంది: నవోదయ. మన వైపు పిల్లలకి నవోదయ విద్యాలయం చిలకలూరిపేట మండలం మద్దిరాలలో ఉంది. అయిదో తరగతిలో ఉండగా ప్రవేశపరీక్ష రాసి, ఆరో తరగతిలో చేరాలి. సీటొస్తే చదువు, హాస్టలు, భోజనం అన్నీ ప్రభుత్వమే చూస్తుంది. ప్రతి నవోదయలోనూ కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకి. కనీసం మూడో వంతు ఆడపిల్లలకి. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని బడిలోనే చదివి ఉండాలి. ఈ మూడేళ్ళలో టౌన్ బడిలో కొద్ది రోజులు చదివినా పట్టణం లెక్కలోకి పోతారు. మీ పాప సరిగ్గా జూన్‌లో మూడుకి వెళ్తోంది. మున్సిపాలిటీ పరిధిలో ఉన్న బడికి మార్చారంటే ఆ గ్రామీణ కోటా తలుపు ఇప్పుడే మూసినట్టు. వ్యాన్ మాట్లాడే ముందు ఆ బడి ఏ పరిధిలోకి వస్తుందో కనుక్కోండి. నవోదయ సీటు అందరికీ రాదు, నిజమే. కానీ ఆ కోటాలో రాసే అవకాశం ఎందుకు పోగొట్టుకోవాలి?

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడి పిల్లలకే. నూజివీడు, ఇడుపులపాయ లాంటి ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ బడి పిల్లలకి కొంత అదనపు వెయిటేజీ ఇస్తారు. అయిదో తరగతి నుంచి గురుకులాలున్నాయి. ఇవి దూరంగా కనిపిస్తాయి కానీ, పిల్ల ఎదగడానికి ఎంతోకాలం పట్టదు.

డబ్బు లెక్క మీరే చెప్పారు. 28 వేలు, 9 వేలు, దాని మీద పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, మధ్యలో ఏదో ఫంక్షన్ ఫీజు కలిపి ఇంకో 6 వేలు వేసుకోండి. ఏడాదికి 43 వేలు. ఫీజు ఒక్క రూపాయి పెరక్కపోయినా పదో తరగతి దాకా ఎనిమిదేళ్ళకి 3 లక్షల 44 వేలు. పెరక్కుండా ఎలాగూ ఉండదు. 2021లో ప్రభుత్వం ప్రైవేటు బళ్ళకి గరిష్ఠ ఫీజులు పెట్టి జీవో ఇస్తే ఆ ఏడాదే హైకోర్టు కొట్టేసింది. అన్నిటికంటే ముఖ్యం, మొదటి టర్ము ఫీజు కట్టాల్సింది జూన్‌లో. మీకు విత్తనాలు, ఎరువులు, కౌలు ముందస్తు అన్నీ అప్పుడే. మిరప డబ్బు చేతికొచ్చేది ఎండాకాలంలో. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కడితే ఆ ఫీజు 28 వేలు కాదు. ఒక ఏడాది పంట పోతే పిల్లని మధ్యలో తిరిగి తేవాలి. పిల్లకి దానికంటే దెబ్బ ఇంకోటి లేదు. నా దగ్గరికి అలా నవంబరులో ఒక అమ్మాయి వచ్చింది. పాత బడివాళ్ళు బాకీ తీరిస్తేనే టీసీ అన్నారు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్‌లోనే ఉంది. ఆ ధైర్యంతో టీసీ లేకుండానే చేర్చుకున్నాను. కానీ ఆ పిల్ల మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు, ఫీజు కట్టలేదని తరగతి బయట నిలబెట్టారట.

ఇక మీరు అడగని మూడో దారి ఒకటుంది. ఊరి బడి, టౌన్ బడి రెండే ఉన్నాయనుకోవద్దు. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్ళకి మార్చారు, తర్వాత 2025లో ఆ పద్ధతి తీసేసి బళ్ళని మళ్ళీ అమర్చారు. అందులో భాగంగా తరగతికి ఒక టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్ళు పెట్టారు. మీ పంచాయతీలోగానీ, పక్క ఊళ్ళోగానీ అలాంటిది ఉందేమో ఎంఈవో, అంటే మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. అయిదు తరగతులకి ఇద్దరు టీచర్లున్న బడికీ, తరగతికొక టీచరున్న బడికీ తేడా చాలా ఉంటుంది. అది పల్లెలోనే ఉంటే నవోదయ గ్రామీణ కోటా కూడా పోదు, మధ్యాహ్న భోజనం ఉంటుంది, పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం కిట్టు వస్తుంది. మీ వివరాలు చూశాక నా మనసు ఇటే మొగ్గుతోంది. వ్యాన్‌కి పెట్టే 9 వేలల్లో సగంతో ఆటో కుదురుతుంది.

అది దగ్గర్లో లేదనుకోండి. ఊరి బడిలో టీచర్లిద్దరూ రోజూ వచ్చేవాళ్ళే అయితే, పాపకి చదవడం వస్తుంటే, అయిదో తరగతి దాకా ఇక్కడే ఉంచి, ఆ 43 వేలల్లో అయిదారు వేలు సాయంత్రం ట్యూషన్‌కి పెట్టండి. ఊళ్ళో డిగ్రీ చదివే అమ్మాయి ఎవరైనా ఉంటారు. ట్యూషనంటే హోంవర్కు చేయించడం కాదు, రోజూ ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ పైకి చదివించాలి. పాఠ్యపుస్తకంలో పక్కపక్కనే రెండు భాషలూ ఉంటాయి కదా, దాన్ని మించిన ఇంగ్లిష్ పాఠం లేదు. ముందు తెలుగు పేజీ చదివి కథ అర్థం చేసుకున్న పిల్ల ఇంగ్లిష్ పేజీ దగ్గర బెదరదు. ఊరి బడిలో టీచరు వారంలో రెండు రోజులు రాని మనిషైతే, చెప్పినా మారకపోతే, అప్పుడు మార్చండి. ఎవరేమన్నా పట్టించుకోకండి.

బాబు సంగతి. ఫ్రీ సీటు నిజమే. విద్యాహక్కు చట్టం 12(1)(సి) ప్రకారం ప్రైవేటు బళ్ళు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలి. మైనారిటీ విద్యాసంస్థలకి ఇది వర్తించదు. చట్టం 2010లోనే అమల్లోకొచ్చినా మన రాష్ట్రంలో ఈ సీట్లు 2022-23 నుంచే మొదలయ్యాయి. ఆ 25 శాతంలో ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకి 5, మిగతా పేద కుటుంబాలకి 6 శాతం. వేసవిలో నోటిఫికేషన్ వస్తుంది. గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టించవచ్చు, ఇంటికి దగ్గర బడికి ముందు అవకాశం, ఎక్కువమంది ఉంటే లాటరీ. పాపకి ఇది పనికిరాదు, ఒకటో తరగతి చేరికలకే. సీటు ఫ్రీ అన్నా వ్యాన్, పుస్తకాల పేరుతో డబ్బు అడుగుతారు. ఏవేం కట్టాలో చేరేటప్పుడే కాగితం మీద రాయించుకోండి. బాబుని అక్కడ వేస్తే మధ్యాహ్నం భోజనం, కిట్టు ఉండవు. ఇంకో సంగతి, ఒకే ఇంట్లో తమ్ముడు టై కట్టుకుని వ్యాన్ ఎక్కుతుంటే అక్క నడిచి ఊరి బడికి వెళ్ళడం మన ఇళ్ళలో మామూలైపోయింది. మీకు ఆ ఉద్దేశం లేదని తెలుసు, ముందు పాప గురించే అడిగారు. కానీ పాప కళ్ళతో ఒకసారి చూడండి. ఫ్రీ సీటు వచ్చినా ఇద్దర్నీ ఒకే బడికి పంపడమే నాకు మంచిదనిపిస్తుంది.

ఊళ్ళోనే ఉంచాలనుకుంటే, తల్లిదండ్రుల కమిటీలోకి మీ ఇంటావిడని పంపండి. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 26 మంది పిల్లల బడిలో తల్లిదండ్రులు పట్టుమని ఇరవై కుటుంబాలుంటారు. అందులో నలుగురు కలిసి నెలకోసారి వెళ్ళి, అటెండెన్సు రిజిస్టరు కాకుండా పిల్లల చేత కథ చదివించి చూస్తామని కూర్చుంటే, టీచరు ఎలాంటివారైనా మారతారు. నేను టీచరుగా ఉన్నప్పుడు, మా అమ్మాయి నా తరగతిలో ఉండటం కాకుండా, నన్ను మార్చింది ఇన్‌స్పెక్షన్లు కావు, అలా వచ్చి కూర్చున్న ఒక తండ్రి.

మార్చడానికే నిశ్చయించుకుంటే, ఎండాకాలం సెలవులకి ముందే టీసీ అడగండి. టీసీలో పాప పేరు, ఇంటిపేరు, మీ పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి, కులం కూడా సరిగ్గా రాశారో చూసుకోండి. రేపు పదో తరగతి సర్టిఫికెట్‌లోకి ఇవే ఎక్కుతాయి, అప్పుడు దిద్దించడం పెద్ద తలనొప్పి. యూడైస్‌లో, అంటే బళ్ళ ఆన్‌లైన్ రికార్డులో, పాపకి ఉన్న పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత నంబరు) కూడా రాయించుకోండి. అది లేకుండా కొత్త బడి ఆన్‌లైన్‌లో చేర్చుకోలేక పాపని నెలలకి నెలలు లెక్కలో లేకుండా ఉంచితే తల్లికి వందనం దగ్గర చిక్కొస్తుంది. కొత్త బడికి ఈ ఏడాది ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో ఎంఈవో ఆఫీసులో చూసుకోండి.

ముందు ఆ కథ చదివించి, పాప ఎక్కడ ఆగిందో, తీసివేత ఎలా చేసిందో రాయండి. ఊళ్ళో టీచర్లు ఎలాంటివాళ్ళో కూడా రాయండి. అది చూశాక ఇంకా కచ్చితంగా చెప్పగలను.